బాలింత రంది



మా తెలంగాణమున "రంది" యని యొక మాట కలదు. దిగులు, చింత, వ్యాకులత మున్నగు మాటలన్నియు దానికి చుట్టములే కాని, దానికి సరితూగునది వానిలో లేదు. దిగులు వచ్చును, పోవును. రంది మనిషిని పట్టుకొని లోపలి నుండి తినును. "ఆమె రంది వెట్టుకున్నది" అని మా వాడలో నెవరైన అన్నచో, ఆమె సరిగా తినుట లేదు, నిద్రపోవుట లేదు, నలుగురిలో కలియుట లేదు అని విన్నవా రర్థము చేసికొందురు. కొడుకును పోగొట్టుకొన్న తల్లికి రంది యుండును. అప్పుల పాలైన రైతునకు రంది యుండును. వీనిని లోక మెరుగును. కాని పండువంటి బిడ్డను గని, కాన్పు సుఖముగా జరిగిన తల్లికి రంది యేల యుండవలెను? ఈ ప్రశ్నకు రెండువేల యేండ్లకు పైగా మనుష్యులు చెప్పుకొనుచు వచ్చిన సమాధానముల చరిత్రమే నేటి నా ప్రసంగము.

నేను వైద్యురాలను కాను. శ్రీరాంపూరులో ముప్పది యేండ్లు పిల్లలకు చదువు చెప్పిన పంతులమ్మను. ఈ చరిత్రముతో నాకేమి పని యని మీరడుగవచ్చును. అది ముందుగా చెప్పెదను.

శ్రీరాంపూరు గోదావరికి ఉత్తరమున, మంచిర్యాల పట్టణమునకు చేరువగా నున్న బొగ్గుగనుల ఊరు. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దాపున బొగ్గు జాడ కనిపెట్టుటయు, 1886లో దక్కను కంపెనీ యేర్పడుటయు, 1920లో అది సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చుటయు చరిత్ర పుస్తకములలో నున్నవి. మావైపు గనులు చాల తరువాతివి. గనిని మేము "బాయి" యందుము. బాయిలో కొలువు దొరకిన చిన్నవాడు పల్లెను విడిచి, అమ్మను, అత్తను, మేనత్తను, ఇరుగుపొరుగును విడిచి, రెండు గదుల క్వార్టరులో కాపురము పెట్టెను. వానితో వచ్చిన పిల్లకు కొత్త ఊరిలో తెలిసిన ముఖములు తక్కువ. ఇట్లు వేలకొలది కాపురములు వెలసినవి. మాదియు నట్టిదే.

1984వ సంవత్సరమున నా తోటికోడలు రెండవ కాన్పు మా క్వార్టరులోనే గడిపినది. ఆమెకు తల్లి లేదు. తల్లిగారిల్లు ఉన్నను లేనట్లే. పుట్టినది మరల ఆడపిల్ల. ఆ దినములలో మా కాలనీలో కొడుకు పుట్టినచో బాయికొలువు ఇంట నిలుచునని యొక లెక్క యుండెడిది. ఆ లెక్క నెవరును పైకి చెప్పలేదు, కాని తొట్టెలలోనికి తొంగిచూచిన ప్రతి చుట్టము కంటను అది కనబడెను. తొలి పది దినములు బాగుగనే యున్నది. పురుడు జరిగినది. నెల దాటునప్పటికి మనిషి మారినది. బిడ్డ యేడ్చుచున్నను గోడవైపు చూచుచు కూర్చుండెడిది. బిడ్డ నిద్రించిన వేళ కూడ తాను నిద్రించెడిది కాదు. తల దువ్వుకొనుట మానినది. పొయ్యిమీది అన్నము మాడి వాసన వచ్చినను లేవదు. అడిగినచో "తల మండుతున్నది" అనును. ఒక రోజు బిడ్డకు ఏమో యగునని పదిమార్లు ముక్కువద్ద వేలుపెట్టి చూచును; మరునాడు బిడ్డ వంకకే చూడదు.

మేమందరమును దీనికి తలకొక పేరు పెట్టితిమి. మా అత్తగారు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. పక్కయింటి యామె, మరల ఆడపిల్ల పుట్టిన బాధ యనినది. దవాఖానలో రక్తము చూచి, ఇనుము మాత్రలిచ్చి, జబ్బేమియు లేదనిరి. మరిది రాత్రి షిఫ్టు దిగివచ్చి పగలెల్ల నిద్రించువాడు. అతనికి తెలిసిన దేమనగా, ఇంట అన్నము వేళకు ఉండుట లేదని. ఇక నేను, చదువుకొన్నదానను, అందరికంటె కఠినముగా నొక మాట అంటిని: "మాకు పుట్టలేదా పిల్లలు?" తొమ్మిది నెలలకు ఆ రంది మెల్లగా విడిచినది. మేము మరచితిమి.

ఇరువదియైదేండ్ల తరువాత, అనగా 2009లో, ఆ పిల్ల పెండ్లినాటి రాత్రి, పందిటిలో గిన్నెలు సర్దుచు నా తోటికోడలు నాతో అన్న మాటలను ఆమె యన్నట్లే చెప్పెదను. "గప్పుడు మీలో ఒక్కలన్న నీకేమైతుందే అని అడుగుతరేమోనని సూసిన అక్కా. పిల్ల పాలు తాగిందా అని అడిగిన్రు. నువ్వు బువ్వ తిన్నవా అని గూడ అడిగిన్రు. నీ మనుసుల ఏమున్నదని ఎవ్వలు అడగలే. నేను లేకుంటే పిల్ల మంచిగ బతుకుతదని దినాం అనిపించేది." అప్పటినుండి నేను ఈ చరిత్రమును చదువ నారంభించితిని.

గ్రీకుల వైద్యుడు హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథములలో రోగుల దినచర్య లున్నవి. సైజికస్ పట్టణమున కవల ఆడుబిడ్డలను కష్టపడి కన్న యొక స్త్రీ వృత్తాంతము వానిలో నొకటి. ఆమెకు జ్వరము వచ్చినది, తలయు మెడయు బరువెక్కినవి, మతి చెదరినది, పదునేడవ దినమున మరణించినది. అది మైల సోకిన జ్వరమేమో యని నేటివారు తలంతురు. కాని నన్నాకర్షించినది మరియొకటి. ఆమెకు మొదటినుండియు నిద్ర లేదనియు, మౌనముగా, ముఖము ముడుచుకొని, చెప్పిన మాట వినక యుండెననియు ఆ వైద్యుడు వ్రాసికొనెను. చూచువాని కన్ను అంత సూక్ష్మమైనది. అయినను ఆమెను ఏమడిగెనో, ఆమె యేమనెనో, అందు లేదు.

ఆ గ్రంథములలోనే, స్త్రీ స్తనములలో రక్తము చేరుట ఉన్మాదమునకు గుర్తు అను సూత్ర మొకటి కలదు. దీనినుండి పుట్టిన ఊహ యొకటి యూరపున చాల శతాబ్దములు రాజ్యము చేసెను. పాలు దారి తప్పి మెదడున కెక్కునట! నవ్వవలదు. మా అత్తగారి గాలికంటె ఇది యేమంత మేలైనది కాదు, కాని లాటినులో వ్రాసినందున శాస్త్ర మనిపించుకొన్నది.

పందొమ్మిదవ శతాబ్దియందు వైద్యులు లెక్కలు వేయ నారంభించిరి. 1820 ప్రాంతమున లండనులో రాబర్ట్ గూచ్ ప్రసూతి ఉన్మాదమునుగూర్చి వ్రాసెను. పారిసులో ఎస్కిరోల్, పిచ్చి యాసుపత్రికి వచ్చువారిని చూచి, ప్రసవానంతరము మతి చెడు స్త్రీల సంఖ్య లోక మనుకొనుదానికంటె ఎక్కువ యని హెచ్చరించెను. 1858లో లూయి విక్తోర్ మార్సే యను యువ వైద్యుడు 310 మంది స్త్రీల వృత్తాంతములతో నొక సంపూర్ణ గ్రంథము వెలువరించెను. గర్భముతో నున్నప్పుడు వచ్చునది, కనిన వెంటనే వచ్చునది, పాలిచ్చు నెలలలో వచ్చునది అని అతడు విడదీసి చూపెను. ఈ విభాగము చిన్నదిగా దోచును కాని, అందులో నొక పెద్ద సంగతి యున్నది. ప్రమాదము కాన్పు దినముతో తీరిపోదు. నెలల కొలది పొంచి యుండును. మార్సే 1864లోనే, నలువదియేండ్లు నిండకయే మరణించెను. అతని గ్రంథమును లోకము మరచెను. 1980లో ఈ వ్యాధిని పరిశోధించువారు ఒక సంఘము పెట్టుకొని దానికి అతని పేరుంచిరి.

వైద్యునికంటె న్యాయాధిపతి ముందు మేలుకొన్నాడని కూడ చెప్పవలెను. ఇంగ్లండులో 1922లో చేసిన చట్టము, ప్రసవముచే మనస్సు తూకము తప్పిన తల్లి తన పసికందు ప్రాణము తీసినచో దానిని హత్యగా నెంచరాదనెను. 1938లో ఆ గడువును బిడ్డకు పండ్రెండు నెలలు నిండువరకు పొడిగించిరి. మన శిక్షాస్మృతిలో నట్టి ప్రత్యేక నిబంధన లేదు. ఉన్నను, చట్టము అంతయు ముగిసిన తరువాత వచ్చునది. గోడవైపు చూచుచు కూర్చున్న తల్లికి అది చేయగల సాయ మేమున్నది?

ఇంతవరకు పండితులు చూచినది పిచ్చియాసుపత్రికి చేర్పబడిన స్త్రీలను మాత్రమే. ఇంట నుండి, వండుచు, బిడ్డను మోయుచు, లోలోపల కుంగుచున్న తల్లి వారి లెక్కకు రాలేదు. ఈ లోపమును దీర్చినవాడు బ్రైస్ పిట్ అను ఆంగ్లేయ వైద్యుడు. అతడు రోగులకొరకు వెదకలేదు. లండనులో నొక ఆసుపత్రికి కాన్పునకు వచ్చిన సామాన్య స్త్రీలను 305 మందిని కాన్పునకు ముందును తరువాతను ప్రశ్నించెను. 33 మందికి, అనగా తొమ్మిదింట ఒకరికి, కుంగుబాటు కలదని 1968లో ప్రకటించెను. అతడు కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త యంత్రము తేలేదు. అడిగెను, అంతే.

తరువాత జాన్ కాక్స్. ఈయన మొదట ఉగాండాలో పనిచేసెను. అచ్చటి పల్లెలలో కాన్పు తరువాత వచ్చు మతిభ్రమణకు "అమకిరో" అను పేరుండుట చూచి దానినిగూర్చి వ్రాసెను. అడవినడుమ పల్లెకును తనదైన పేరున్నదన్నమాట. పిదప స్కాట్లండు చేరి, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అను ఇరువురితో కలసి 1987లో పది ప్రశ్నల పట్టిక నొకటి ప్రచురించెను. ఎడింబరో పట్టిక యని దాని పేరు. గడచిన ఏడు దినములలో మనస్సెట్లున్నదని అది యడుగును. దాని నేర్పు ఎచ్చట నున్నదో చూడుడు. అలసట యున్నదా, ఒళ్లు నొప్పులున్నవా అని అది యడుగదు. పసిబిడ్డ తల్లికి అవి లేనిదెప్పుడు? నవ్వగలుగుచున్నావా, రేపటి కొరకు ఎదురుచూడ గలుగుచున్నావా, తప్పు లేకయే నిన్ను నీవు నిందించుకొనుచున్నావా, కారణము లేక భయపడుచున్నావా, ఏడ్పు వచ్చుచున్నదా, చివరకు నిన్ను నీవు గాయపరచుకొనవలెనని తోచినదా, అని యడుగును. ఆ పదవ ప్రశ్నకు "అవును" అన్నచో తక్కిన మార్కులు కూడనక్కరలేదు. నాడే వైద్యుని కడకు పోవలెను.

ఇక మన దేశపు సంగతి. బాలింత విషయమున మన పెద్దలు ఉదాసీనులు కారు. కాశ్యపసంహిత సూతికోపచారమున కొక అధ్యాయమే కేటాయించెను. దేశాచారమును, కులాచారమును అనుసరించి ఉపచారము చేయుమనెను. మన యిండ్లలో చెవులలో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి పొగ, కారపు పొడి, వేడినీళ్ల స్నానము, బాలింతను ఒంటరిగా విడువరాదను నియమము, ఇవన్నియు నున్నవి. ఈ చివరి నియమము నా కన్నిటికంటె గొప్పదిగా దోచును. గాలి సోకునని చెప్పినను, ఏమి చెప్పినను, ఎవరో యొకరు ఆమె ప్రక్కన కూర్చుండిరి. కాని ప్రక్కన కూర్చుండుట వేరు, ఆమె మాట వినుట వేరు. బాలింత ఏడ్వరాదు, కంటినీరు పెట్టినచో బిడ్డకు పాలు పడవు అని చెప్పి నోరు మూయించుటయు మన ఆచారమే.

బొగ్గుబాయి మాకిచ్చినది జీతము, కరెంటు, దవాఖాన. తీసికొన్నది ఆ ప్రక్కన కూర్చుండు మనిషిని. తల్లిగారింట మూడు, ఐదు నెలలుండి వచ్చు బాలింతకు అంతవరకు తోడుండును. క్వార్టరునకు తిరిగివచ్చిన మరునాటినుండి ఆమె ఒంటరి. మగవాడు మూడు షిఫ్టులలో తిరుగును. రాత్రి షిఫ్టువాడు పగలు నిద్రించునప్పుడు బిడ్డ యేడ్వరాదు. ఏడ్చినచో ఎత్తుకొని బయట తిరుగవలెను. ఒక వారము పగలు రాత్రియగును, మరియొక వారము రాత్రి పగలగును. 1961నాటి ప్రసూతి చట్టము ఉద్యోగినికి సెలవిచ్చినది. 2017లో ఆ సెలవు ఇరువదియారు వారములైనది. బాయికి పోవువాని యిల్లాలు ఏ మస్టరులోను లేదు. ఆమెకు సెలవెవరిత్తురు?

2002లో వెలువడిన రెండు పరిశోధనలు చదివినప్పుడు మా క్వార్టరునే యెవరో వచ్చి చూచి వ్రాసినట్లనిపించినది. వెల్లూరు దాపు పల్లెలలో 359 మంది స్త్రీలను విచారింపగా, కాన్పు తరువాత నూటికి పదునొకరు కొత్తగా కుంగుబాటు పాలైరి. గోవాలో ఆరు మొదలు ఎనిమిది వారముల బాలింతలను చూడగా నూటికి ఇరువదిమువ్వురు. కారణములేవి? పేదరికము, మగనితోనో అత్తతోనో పొసగమి, చేతిసాయము లేమి, కొడుకును కోరుకొన్న యింట కూతురు పుట్టుట. 2017లో దేశమునందలి 38 పరిశోధనలను, ఇరువదివేలకు పైబడిన తల్లులను కలిపి లెక్కవేసినవారికి నూటికి ఇరువదియిద్దరు తేలిరి. అయిదుగురు బాలింతలు కూర్చున్న చోట ఒకరు.

గుర్తులను మా వాడ మాటలలో చెప్పెదను. మూడవ దినము మొదలు కన్నీరు కారణము లేక వచ్చుట, చిరాకు, ఇవి సగముమందికి పైగా తల్లులకు వచ్చి రెండు వారములలోపల తమంత తామే పోవును. దానికి ఓదార్పు, నిద్ర చాలును. రెండు వారములు దాటినను తగ్గక, "మనసున పడతలేదు" అని దేనిమీదను మనస్సు పోకున్నచో, బిడ్డ పడుకొన్నను తనకు కన్ను మూతపడకున్నచో, బిడ్డమీద ప్రేమ పుట్టుట లేదని సిగ్గుపడుచున్నచో, లేక బిడ్డకేమో యగునని నిమిషనిమిషము హడలుచున్నచో, "నేను మంచి తల్లిని కాను" అని పలుమార్లు అనుచున్నచో అది రంది కాదు, రోగము. మా స్త్రీలు మనస్సు బాగులేదని చెప్పరు. తల మంట, ఒళ్లు మంట, గుండె దడ, "పాణం మంచిగ లేదు" అందురు. దానిని విని రక్తము చూడవలసినదే. రక్తహీనతయు, కంఠమునందలి థైరాయిడు గ్రంథి వికారమును ఇట్లే కనబడును. రక్తము బాగున్నదని తేలినంత మాత్రమున మనిషి బాగున్నదని యనుకొనరాదు. అదే మేము చేసిన తప్పు.

వేయి కాన్పులలో ఒకటి రెండింట వచ్చు మూడవ రకమున్నది. కాన్పైన తొలి రెండు వారములలోనే, దిడీలున, రాత్రులు నిద్ర లేకపోవుట, అసంబద్ధముగా మాటలాడుట, లేని మాటలు వినబడుట, బిడ్డ తనది కాదనియో, ఎవరో చంపజూచుచున్నారనియో అనుమానించుట. దీనికి తాయెత్తు కొరకు ఒక దినము కూడ కాచుకొనరాదు. తల్లిని బిడ్డను ఒంటరిగా విడువక ఆ గంటనే పెద్దాసుపత్రికి చేర్పవలెను. బిడ్డను ఎడబాపుదురని భయపడవలదు. 2017నాటి మానసిక ఆరోగ్య చట్టము, మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా తల్లినుండి వేరుచేయరాదని చెప్పుచున్నది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థలో తల్లీబిడ్డల కొరకే 2009 నుండి ప్రత్యేక విభాగ మున్నది.

చికిత్స కలదా యందురేమో. కలదు. పాలిచ్చు తల్లులును వైద్యుని సలహాపై వాడదగిన మందులున్నవి. మందుకంటె ముందు మాట యున్నది. రావల్పిండి జిల్లా పల్లెలలో అతీఫ్ రెహమాన్ అను వైద్యుడు, గ్రామములలో తిరుగు సామాన్య ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ నిచ్చి కుంగిన తల్లుల యిండ్లకు పంపెను. 2008లో ఫలితము వెలువడినది. బిడ్డలకు ఆరునెలలు వచ్చునప్పటికి, ఆ శిక్షణ పొందినవారు పోయిన పల్లెలలో నూటికి ఇరువదిమువ్వురు తల్లులే ఇంకను రోగములో నుండగా, తక్కిన పల్లెలలో ఏబదిమువ్వు రుండిరి. పోయినవారు డాక్టర్లు కారు. మన ఆశా కార్యకర్తల వంటివారే.

మన ఆశా కార్యకర్త ఆసుపత్రిలో కాన్పైన బాలింత యింటికి మూడవ, ఏడవ, పదునాల్గవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలువదిరెండవ దినములలో పోవలెనని నియమము. బిడ్డ బరువు తూచును, జ్వరము చూచును. మంచి యేర్పాటే. కాని రంది చాలమందికి బయటపడునది సరిగా ఆ ఆరవ వారమునకు, ఆ తరువాతకు. తక్కెడ ఇంటినుండి వెడలిన మరునాడు రోగము లోనికి వచ్చును. 2018లో పదునైదు నెలల వయస్సు వరకు మరి అయిదు రాకలను చేర్చిరి. ఆ రాకలలో బిడ్డను తూచుటతోపాటు తల్లిని ఒక ప్రశ్న యడిగినచో ఖర్చేమియు లేదు. ఇంట కూర్చుండియే మాటలాడగోరువారికి 2022 అక్టోబరు నుండి టెలిమానస్ అను ప్రభుత్వ సేవ కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగుననే పలుకుదురు, డబ్బు పుచ్చుకొనరు.

నిరుడు మా వీథిలో నొక పిల్లకు కాన్పైనది. ఏడవ వారమున పెరుగు తోడుకొరకు వారింటికి పోయితిని. బిడ్డ నిద్రించుచున్నది, తల్లి మేలుకొని గోడవైపు తిరిగియున్నది. వారి యమ్మ, "పిల్ల మంచిగనే ఉన్నది టీచరమ్మా, ఈమెకే పొగరెక్కింది" అనినది. నేను మంచము కోడుపై కూర్చుండి, "నీ మనుసుల ఏమున్నదే బిడ్డా" అంటిని. చాలసేపు ఉలుకు పలుకు లేదు. లేచిపోదునా యనుకొంటిని; 1984 జ్ఞప్తికి వచ్చి కూర్చుండిపోతిని. అప్పుడు ఇటు తిరిగినది.

మరునాటి ఉదయము మంచిర్యాల బస్సులో బిడ్డ నా ఒడిలో నిద్రపోయినది. ఆమె కిటికీ ప్రక్కన కూర్చుండి దారి పొడుగునను వాళ్లమ్మతో మాటలాడుచునే యుండెను.